మూడో కాన్పు

రాష్ట్ర ఖజానా తాళాలు ఇప్పుడు మా ఊరి ఎమ్మెల్యే దగ్గరున్నాయి. ఉరవకొండ వాళ్లం ఈ మాటను ఎక్కడికి పోయినా సందర్భం కల్పించుకుని మరీ చెబుతాం, ఏమనుకోకండి. 2025 ఫిబ్రవరి ఆఖర్న పయ్యావుల కేశవ్ గారు అసెంబ్లీలో 3.22 లక్షల కోట్ల బడ్జెట్ చదువుతుంటే నేను టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చూసి ఊరుకోవచ్చు కదా! మన ఊరాయన అంత రాష్ట్రానికి లెక్క కడుతుంటే, ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే నేను రెండు గదుల ఇంటికి కట్టలేనా అని పౌరుషం పొడుచుకొచ్చింది. లాంగ్ నోటుబుక్కు ఒకటి తెచ్చి అట్ట కూడా వేశాను.

ఏం లెక్కంటారా? మీ ఇంట్లోనూ వేసే ఉంటారు. రెండో బిడ్డను కనాలా, వద్దా?

పాప రెండో తరగతి. "రెండోది ఎప్పుడు సార్?" అని పాల అంగడాయన అడుగుతాడు. అనంతపురం బస్సులో పక్క సీటాయన అడుగుతాడు. గవిమఠం దగ్గర టెంకాయలమ్మే అవ్వ చిల్లర ఇస్తూ అడుగుతుంది. పాపకు తోడుండొద్దా అని అందరికీ బెంగే. స్కూలు ఫీజుకు తోడొస్తామని మాత్రం ఒక్కరూ అనరు.

దీనికి నా దగ్గర ఒక జవాబుంది. "చూద్దాం, ఈ ఏడు వానలు పడనీ." మా జిల్లాలో ఈ జవాబుకు తిరుగులేదు. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల ఆసుపాసు కురిసే చోటు. దేశంలో జైసల్మేరు తర్వాత మేమే అని చిన్నప్పటి నుంచీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాం. అప్పు తీర్చమన్నా, పెళ్లి చేసుకోమన్నా, గోడకు సున్నం కొట్టించమన్నా మా వాళ్లు ముందు ఆకాశం వైపు చూస్తారు. అడిగినవాడు కూడా చూస్తాడు. అక్కడితో సంభాషణ ముగుస్తుంది.

నిజం చెప్పాలంటే వానలు పడినా నా పరిస్థితి అంతంతే. ఏప్రిల్ ఆఖర్న మా బడి వాళ్లు "సెలవులు బాగా గడపండి సార్" అని షేక్‌హ్యాండ్ ఇస్తారు. వేసవి జీతం ఆ షేక్‌హ్యాండే. నాయన పంచిన మూడెకరాల మెట్టలో శెనక్కాయ వేస్తాం. సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. ఇక ఇంట్లో నమ్మకంగా తిరిగేది మా ఆవిడ కుట్టుమిషను చక్రం ఒక్కటే.

సెలవుల్లో పని లేదు, జీతం లేదు. రెండూ లేనివాడికి లెక్కలు బాగా వస్తాయి. సీమంతం నుంచి మొదలుపెట్టాను. కాన్పు, పురుడు, తొట్లె, డైపర్లు, పాలడబ్బాలు, పుట్టెంటికలు, చెవులు కుట్టించడానికి అర గ్రాము బంగారం. బంగారం దగ్గర పెన్ను ఆగింది. రేటు రాసి చుక్క పెట్టేలోపు పెరుగుతోంది. ఆ తర్వాత ఎల్‌కేజీ. ఫీజు ఏటా పది శాతం పెరుగుతుందని చక్రవడ్డీ సూత్రం వేశాను. బీటెక్ దాకా వచ్చేసరికి అంకెలు పట్టక ఫోనును అడ్డం తిప్పాల్సి వచ్చింది. ఆ మొత్తం చూశాక, మా నాయన నన్ను కని ఎంత దుబారా చేశాడో తెలిసొచ్చింది.

అదను చూసి మా ఆవిడ ముందు పెట్టాను. రాత్రి తొమ్మిదప్పుడు. ఆమె జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. మెడలో టేపు, ఒళ్లో ఎవరిదో మెరూన్ రంగు పట్టు జాకెట్టు, పెదాల మధ్య రెండు హుక్కులు. నోట్లో హుక్కులున్నంతసేపు మాట్లాడలేదు కాబట్టి "అధ్యక్షా" అంటూ బడ్జెట్ ప్రసంగం అందుకున్నాను. ఆమె హుక్కులు తీసి మిషను పలక మీద పెట్టింది. బుక్కు లాక్కుంది. గుడ్డ మీద గీతలు గీసే నీలం సుద్దముక్క చేతికి తీసుకుంది.

"తొట్లె రెండువేల అయిదొందలా? అత్తమ్మ చీరుంటే చాలు." గీత.

"డైపర్లు ఇన్నా? నీ పాత పంచెలు బీరువా నిండా ఉండాయి. కట్టేది లేదు, పారేసేది లేదు." గీత.

"కాన్పు ప్రైవేటులోనా? పాప సర్కారు ఆస్పత్రిలో పుట్టలేదా? ఏం తక్కువైంది దానికి?" గీత.

"పుట్టనోడు బీటెక్ చదువుతాడని నీకెవరు చెప్పినారప్పా?" ఇది అడ్డంగా, పేజీ ఈ మూల నుంచి ఆ మూలకు.

నా బడ్జెట్ మొత్తం నీలమైపోయింది. అంతటితో వదిలేసినా సరిపోయేది. బుక్కు తిరగేసి, వెనకవైపు నుంచి కొత్త పేజీ తీసి, పైన "సారు ఖర్చులు" అని రాసింది.

ఇంట్లో ఉగ్గాని చేస్తే "బస్టాండు దగ్గరి రుచి రాలేదు" అని బయటికి పోయి బజ్జీతో తినేది. టీలు. పిల్లలు "తాత సారు" అనకుండా జుట్టుకు వేసే రంగు. ఫొటోల్లో కొంచెం తెల్లగా పడతానని కొన్న ఫోను మీద కంతు. సాటి మాస్టరుకు పూచీ పడి, ఆయన మానేశాక నేను కడుతున్న చీటీ. ఉదయం నడకకని కొన్న బూట్లు (ప్రస్తుతం పాప వాటిల్లో రబ్బర్లు, పెన్సిళ్లు దాచుకుంటోంది). వీటన్నిటి కింద, మిగతా వాటికంటే పెద్ద అక్షరాలతో, "వజ్రాలు".

మీరు మా చుట్టుపక్కల వాళ్లయితే దీన్ని వివరించనక్కర్లేదు. మా పొరుగు మండలం వజ్రకరూరు. అక్కడ నేల అడుగున కింబర్లైటు గొట్టాలున్నాయి. వంద కోట్ల ఏళ్లకు పైబడ్డ రాయి అది, భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి మోసుకొచ్చింది. తొలకరికి పైమట్టి కొట్టుకుపోతే చేలల్లో రాళ్లు తేలతాయి. ఇక చూడండి, బళ్లారి వైపు నుంచి కూడా జనం క్యారియర్లు కట్టుకుని దిగుతారు. వంగి కొందరు, గొంతుక్కూర్చుని కొందరు, సూర్యుడికి ఎదురుగా తిరిగి మెరుపు కోసం వెతుకుతారు. విత్తడానికి రైతు గొర్రు తెచ్చేలోపు ఆ పొలం నిండా కాబోయే కోటీశ్వరులే. సంభావ్యత పాఠం చెప్పేవాణ్ని, నాకు తెలియదా? పాచిక వేస్తే ఆరు పడే అవకాశమెంతో శనివారం బోర్డు మీద రాస్తాను, ఆదివారం పెట్రోలు కొట్టించుకుని పోతాను.

పోయినేడు దొరికింది కూడా. గోరంత. ఎండకు తిప్పితే లోపల పచ్చగా ఏదో కదిలింది. ఎవరికీ చెప్పకుండా జేబురుమాల్లో చుట్టి, దాన్ని బూటులో పెట్టుకుని, కుంటుకుంటూ బండి దాకా వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇల్లు కట్టేశాను, చీటీ తీర్చేశాను, రెండో బిడ్డకు పేరు కూడా పెట్టేశాను. ఆ పేరు మీకు చెప్పను. పొద్దున్నే కంసాలి భూతద్దం కింద పెట్టి చూసి, "సోడాబుడ్డి పెంకు సార్. మంచి పాతకాలంది," అన్నాడు. ఆయన కొడుకు నా క్లాసులోనే చదువుతున్నాడన్న సంగతి నాకు ఆ క్షణాన తట్టలేదు. మర్నాడు బడికి పోయేసరికి బోర్డు మీద లెక్క సిద్ధంగా ఉంది: "ఒక సంచిలో నూరు సోడాబుడ్డి పెంకులు, సున్నా వజ్రాలు గలవు. సారు కళ్లు మూసుకుని ఒకటి తీసిన..."

సరే, కూడిక దగ్గరికొద్దాం. ఎక్కడైనా తప్పు పడుతుందని ఆశపడ్డాను. పడలేదు. పాప మీద అయ్యేదానికి నా మీద రెట్టింపు అవుతోంది.

"చూడప్పా," అంది మా ఆవిడ సుద్ద దులుపుకుంటూ. "ఈ ఇంట్లో మొదటి కాన్పు నువ్వు. అత్తమ్మ కని, సాకమని నాకిచ్చింది. పాప రెండోది. ఇప్పుడు నువ్వు లెక్కలు కడతాండేది మూడో కాన్పుకు."

మూడో కాన్పు అనగానే నాలో ఆశ లేచింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తామని ప్రకటించారు కదా. జనాభా తగ్గిపోతోంది, ఇంకా కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు కూడా సభల్లో చెబుతూనే ఉన్నారు. "నీ లెక్క ప్రకారమే మనం అర్హులం," అన్నాను.

"ఆయప్ప చెప్పింది విజయనగరంలో. మన పక్క ఆవునిస్తే గడ్డి యాడ తెస్తావ్? ఎండాకాలం మేపు కొనే డబ్బుతో కవలల్ని సాకచ్చు. ఆవొస్తే అది నాలుగో కాన్పు."

మీరు మళ్లీ ఎవరితోనూ అనరని ఇంకో సంగతి చెబుతాను. ఎప్పటికైనా పంచాయతీ వార్డు మెంబరుగా నిలబడాలని నాకు లోలోపల కోరిక. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పోటీకి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉండేది. ఒక్క కూతురే ఉన్న నేను ఆ చట్టాన్ని ఎంత ముందుచూపుతో పాటించానో! చుట్టాలు రెండోదాని గురించి ఎత్తితే "రేపు రాజకీయాల్లోకి పోవాలంటే..." అని గంభీరంగా అర్ధోక్తిలో ఆపేవాణ్ని. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. రాజకీయాలకు దారి తెరుచుకుంది గానీ సాకు పోయింది. "నిలబడప్పా," అంది మా ఆవిడ, "నా ఓటు మాత్రం లెక్కలో వేసుకోవాకు."

అంతకు ముందు సంక్రాంతికి అమ్మ పల్లె నుంచి వచ్చినప్పుడు కూడా ఇదే చర్చ. అత్తాకోడళ్లు వంటింట్లో అత్తిరసాలు చేస్తున్నారు. "నారు పోసినోడు నీరు పోయడా?" అంది అమ్మ. ఈ సామెతను మిగతా జిల్లాల్లో భక్తిగా వింటారు. అనంతపురంలో వింటే కొంచెం ఆలోచించాల్సి వస్తుంది.

"మన పక్క నారు పోసి మర్చిపోయినాడు కదత్తమ్మా," అంది మా ఆవిడ పిండి వత్తుతూ. "హంద్రీ-నీవా తవ్వుకోని జీడిపల్లికి నీళ్లు తెచ్చుకున్నది మనుషులే కదా."

అమ్మ వదల్లేదు. "మీ మామ పుట్టింది గంజి కేంద్రాల ఏడు," అంది. 1952. సీమంతా కరువు. సర్కారు పోసే గంజి కోసం జనం గిన్నెలు పట్టుకుని బారులు తీరిన ఏడాది. దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైందీ ఆ ఏడాదే. ఢిల్లీలో బయల్దేరిన ఆ కబురు మా అవ్వ దాకా వచ్చేసరికి ఆమె కనడమంతా అయిపోయింది. "మా అత్త ఎనిమిది మందిని కన్నది. వాన చూసుకోని కనేదుంటే ఈ సీమలో మనిషి పుట్టే పనే లేదు."

"ఎంతమంది మిగిలినారత్తమ్మా?"

"నలుగురు."

ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలాంటప్పుడు ఊరుకోవడం చేతగాదు నాకు. వాతావరణం తేలిక చేద్దామని గడపలో నిలబడి అంకెలు అందుకున్నాను. 1992-93 సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 2.6 మంది పిల్లలు, 2019-21 సర్వేకు 1.7, జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 ఉండాలి అని.

"ఒకటీ పాయింటు ఏడా?" అంది అమ్మ. "పాయింటు ఏడు మనిషి ఎట్లుంటాడ్రా?"

అత్తాకోడళ్లు ఒకేసారి తలెత్తి నా వైపు చూశారు. నేను నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి మిద్దెక్కాను. దిగి వచ్చేసరికి వంటింటి తలుపు దగ్గరికేసి ఉంది. లోపల గుసగుసలు. పాకం సంగతనుకున్నాను.

మా ట్యాంకు చాలా ఉపకారి. మే నెలలో ఆశా కార్యకర్త వచ్చి కూర్చుంది. వివరాలు రాసుకుంటూ, "ఇంగ పిల్లలు వద్దనుకుంటే మగోళ్లకు కూడా ఉండాది కదన్నా. కోత లేదు, కుట్టు లేదు, ఆ పొద్దే ఇంటికొచ్చేయచ్చు," అంది. ఆగకుండా లెక్క కూడా చెప్పింది. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఇంచుమించు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మగవాళ్లను చూస్తే నూటికి ఒక్కరు కూడా తేలరు. మామూలుగా నాకు అంకెలంటే ప్రాణం. ఆ రోజు మాత్రం ట్యాంకు గుర్తొచ్చింది. మెట్లు సగం ఎక్కానో లేదో కింద నుంచి ఆమె గొంతు వీధంతా వినబడింది. "ట్యాంకులో ఏముంటాయన్నా, కొళాయి వచ్చి మూడు దినాలాయె!"

జూన్లో "తల్లికి వందనం" డబ్బులు పడ్డాయి. బిడ్డకు ఏడాదికి 15 వేలు. బడి నిర్వహణకు రెండు వేలు పోను, 13 వేలు తల్లి ఖాతాలో. ఎంతమంది చదువుతుంటే అంతమందికీ. తండ్రికి పేరులోనూ చోటు లేదు, ఖాతాలోనూ చోటు లేదు, పోనివ్వండి. ఇద్దరైతే 26 వేలు కదా అని నా బుర్ర మళ్లీ పనిచేసింది. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, తమ్ముడు కావాలా, చెల్లెలు కావాలా అని అడిగాను.

"నా పదమూడు వేల్లో వాటా అడుగుతారా?"

"లేదమ్మా, వాళ్లవి వాళ్లకే."

"రాత్రి యాడ పడుకుంటారు?"

"మంచం మీద. నీకూ అమ్మకూ మధ్యలో."

పాప మంచం వైపు చూసి చేత్తో కొలిచింది. వాళ్లమ్మ పోలిక. "అయితే నువ్వు మిద్దె మీద పడుకో నాన్నా. ట్యాంకు దగ్గర."

ఆ రాత్రి మా ఆవిణ్ని తేల్చి చెప్పమన్నాను.

"లెక్కయితే కుదురుతుంది," అంది. "నీ బజ్జీలూ వజ్రాలూ తీసేస్తే ఇంకొకర్ని సాకచ్చు. పొదుపు సంఘంలో నాకు కొంచెం డబ్బులుండాయి. ఇంకో నాలుగు జాకెట్లు ఎక్కువ కుడతా."

దాచుకున్న పేరు నా నాలుక చివరికొచ్చింది.

"కానీ నాకొద్దు."

"డబ్బుల్లేవనా?"

"ఉండాయని చెప్తాన్నా కదా. నీ బుక్కులో పాలకు లెక్క ఉండాది, బడికుండాది, బంగారానికుండాది. పాపకు రెండేళ్లొచ్చేదాకా రాత్రిళ్లు మేలుకున్నది నేను. నువ్వు పొద్దున లేచి 'రాత్రి పాప బాగా పండుకున్నట్టుందే' అంటాంటివి. ఆ రాత్రులు ఏ పేజీలో ఉండాయి? మళ్లీ మిషను ఎక్కేదానికి నాకు ఏడాది పట్టింది. నడుము ఇంగా లాగుతాంది."

నేను బుక్కు తీసి పేజీలు తిప్పాను. నిజంగానే తిప్పాను, ఎక్కడో ఒక చోట రాసే ఉంటానని. చివరికి, "పాలడబ్బాల కింద ఒక లైను ఖాళీగా ఉంది," అన్నాను. మా ఆవిడ నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే జాకెట్టు పక్కన పెట్టాల్సి వచ్చింది.

మీతో అనుకోవడానికేం గానీ, డబ్బు చాలదు కాబట్టి వద్దని ఉంటే నాకు కాస్త గౌరవంగా ఉండేది. కరువు సీమ, ప్రైవేటు ఉద్యోగం, త్యాగం అని చెప్పుకునేవాణ్ని. చాలుతుందని నా చేతే ఒప్పించి వద్దంది. దక్షిణ కొరియాలో ఒక్కో ఆడమనిషికి పిల్లల సగటు 2023లో 0.72కు పడిపోయింది. అక్కడి సర్కారు ఎంత డబ్బు గుమ్మరించినా పిల్లల్ని కనేవాళ్లు లేరని పెద్దపెద్దవాళ్లు తలలు పట్టుకుంటున్నారట. వాళ్ల లెక్కల పుస్తకాలు కూడా మగవాళ్లే రాసి ఉంటారని నా అనుమానం. ఒకసారి మా ఇంటికి పంపితే, నీలం సుద్ద ఇంకా మిగిలే ఉంది.

"సరే, అమ్మకెవరు చెప్పాలి?" అన్నాను.

"నువ్వే చెప్పల్ల. నీకు కావాల్సినామె కదా."

ఆదివారం పల్లెకు పోయాను. దారి వజ్రకరూరు మీదుగానే. చేలల్లో జనం వంగి వెతుకుతున్నారు. నేను అటు చూడలేదు. చూశాను గానీ బండి ఆపలేదు. అమ్మ అరుగు మీద కూర్చుని విత్తనపు శెనక్కాయలు ఒలుస్తోంది. దారి పొడుగునా వల్లెవేసుకొచ్చిన ప్రసంగం ఎత్తుకున్నాను.

"అమ్మా, మేమిద్దరం బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాం."

"నువ్వు కూడానా?" అంది. కాయ చిట్లించి గింజలు చేటలో వేసింది. "తెలుసులేరా. ఆ పిల్ల సంక్రాంతికే చెప్పింది నాకు."

"సంక్రాంతికా? మరి ఇన్ని నెల్లూ ఫోన్ చేసినప్పుడల్లా నన్నెందుకు తిన్నావ్?"

"దాన్నడిగితే అది బాధపడుతుంది. నిన్నడిగితే నాకు పొద్దుపోతుంది."

"అంతా తెలిసి కూడా నా బుక్కంతా ఎందుకు దిద్దింది మరి?"

"సెలవుల్లో నీకు ఏదో ఒక పనుండల్ల కదరా. ఆ పిల్లే అనింది, రాయనీలే అత్తమ్మా, వజ్రాలకు పోకుండా ఇంటి పట్టునుంటాడని." చేట నా వైపు జరిపింది. "ఊరికే కూర్చోకుండా నాలుగు కాయలు ఒలువు."